ఆ పెద్ద అంకె ఎక్కడిదో చూడు

బుజ్జీ,

నువ్వు పంపిన బ్యాలెన్స్ షీట్ రాత్రి కూర్చుని చదివాను. "పెదనాన్నా, కామన్ స్టాక్ వేలల్లోనే ఉంది, దాని కిందే అడిషనల్ పెయిడ్-ఇన్ క్యాపిటల్ కోట్లలో ఉంది. ఇది దాచిపెట్టిన లాభమా?" అని అడిగావు. కాదు తల్లీ. అది కంపెనీ సంపాదించింది కాదు, వాటాదారులు పెట్టింది.

షేరుకు ముఖ విలువ అని, కాగితం మీద రాసుకునే ధర ఒకటి ఉంటుంది. అమెరికా కంపెనీల్లో అది పేరుకే. యాపిల్ షేరు ముఖ విలువ 0.00001 డాలరు. ఒక కంపెనీ 1 డాలరు ముఖ విలువ గల షేర్లు 10 లక్షలు, ఒక్కోటి 20 డాలర్లకు అమ్మిందనుకో. వచ్చింది 2 కోట్లు. అందులో 10 లక్షలు కామన్ స్టాక్‌లో, మిగతా కోటీ 90 లక్షలు నువ్వు అడిగిన అడిషనల్ పెయిడ్-ఇన్ క్యాపిటల్ పద్దులో వేస్తారు. యాపిల్ రెండిటినీ కలిపి ఒకే వరుసలో చూపిస్తుంది, కాబట్టి ఎక్కడైనా విడిగా కనబడకపోతే కంగారు పడకు. భారతీయ కంపెనీల్లో దీనికి దగ్గరగా ఉండేది సెక్యూరిటీస్ ప్రీమియం.

ఆ షేరు రేపు మార్కెట్లో 60 అయినా, 6 అయినా ఈ అంకె కదలదు. అక్కడ ఒక మదుపరి ఇంకొకరికి అమ్ముకుంటున్నాడు, కంపెనీకి ఏమీ రాదు. ఐపీఓలో, అంటే కంపెనీ షేర్లు తొలిసారి ప్రజలకు అమ్మేటప్పుడు, పాత వాటాదారులు అమ్ముకున్న షేర్ల డబ్బు కూడా వాళ్లదే. కంపెనీ కొత్తగా జారీ చేసిన షేర్ల డబ్బే ఇందులోకి వస్తుంది, అదీ ఇష్యూ ఖర్చులు పోను.

ఇక నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన తప్పు చెబుతాను. ఒక కంపెనీలో ఈ పద్దు మూడేళ్లుగా పెరుగుతుంటే, "బయటి నుంచి పెట్టుబడి బాగా వస్తోంది" అని నోట్ రాసిచ్చాను. మా పై అధికారి క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తెరిచి, షేర్ల జారీ వల్ల వచ్చిన నగదు అన్న వరుస మీద పెన్సిల్ పెట్టారు. అక్కడ దాదాపు ఏమీ లేదు. పెరిగిందంతా ఉద్యోగులకిచ్చిన షేర్ల వల్లే. జీతంలో భాగంగా షేర్లు ఇస్తే, వాటి విలువను ఖర్చుగా రాసి, అంత మొత్తాన్నీ ఈ పద్దుకు జమ చేస్తారు. ఆ ఖర్చుతో రిటైన్డ్ ఎర్నింగ్స్, అంటే కంపెనీ దగ్గర మిగుల్చుకున్న లాభాలు, తగ్గుతాయి, ఇటు ఇది పెరుగుతుంది. కంపెనీ ఖాతాలో ఒక్క డాలరూ చేరదు. ఆ షేర్లు ఉద్యోగుల చేతికి వచ్చేకొద్దీ పాతవాళ్ల వాటా మాత్రం పలచబడుతుంది. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది, ఆ నోట్ నమ్మి ఎవరైనా డబ్బు పెట్టి ఉంటే?

అందుకే అంకె ఒక్కటే చూడకు. వాటాదారుల సొమ్ము ఏడాదిలో ఎలా మారిందో చూపే స్టాక్‌హోల్డర్స్ ఈక్విటీ స్టేట్‌మెంట్ తెరిచి, ఈ పద్దులో ఏడాది మొదట్లో ఎంత, చివర ఎంత, మధ్యలో ఏ వరుస ఎంత కలిపిందో రాసుకో. పక్కనే పేరుకుపోయిన నష్టం ఎంతో కూడా రాయి. ఈ పద్దులో 300 కోట్లు, నష్టం 280 కోట్లు ఉంటే, వాటాదారులు పెట్టిన దాంట్లో చాలా భాగం కరిగిపోయిందని అర్థం. బ్యాంకులో ఎంత ఉందో తెలియాలంటే నగదు వరుసే చూడాలి, ఇది కాదు.

నువ్వు పంపిన కంపెనీకి ఆ వరుసలన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచు. ఆదివారం ఫోన్ చేస్తాను, కలిసి చూద్దాం.

మీ పెదనాన్న