మల్లెకి మొగ్గలు వచ్చేశాక ఆకులు దూయొచ్చా?

ఆగండాగండి, మొగ్గ పడ్డాక ఆకు దూయకండి మేడమ్. ఆకు దూస్తే మల్లె బాగా పూస్తుందని మీ పక్కింటావిడ చెప్పింది తప్పు కాదు గానీ టైమ్ వేరు. ఆకు దూసేది చలికాలంలో, డిసెంబర్, జనవరి అప్పుడు, నీళ్ళు తగ్గించేసి మొక్కని కాస్త ఎండగట్టి, ఆకు దూసి కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాత ఎరువేసి నీళ్ళు మొదలెడితే కొత్త చిగుళ్ళొస్తాయి, మల్లెకి మొగ్గలు ఆ చిగుళ్ళ చివరే కదా పడేది. ఇప్పుడు మొగ్గలున్నాయి, వాటికి తిండి పెట్టేది ఆ ఆకులే, అవి పీకేస్తే మొగ్గ చిన్నగా ఉండగానే రాలిపోతుంది.

పసుపు పడినవి, మచ్చలున్నవి, కుండీ మట్టికి తగులుతున్నవి తీసేయండి, అంతే. మీ కుండీ విశాఖ గాజువాకలో మేడ మీద ఉందన్నారుగా, ఎండకి లోటుండదు, నీళ్ళే చూసుకోండి, మార్చి దాటాక కుండీ ఊరికే ఎండిపోతుంది, పొద్దున్నే పోసి సాయంత్రం పైమట్టి వేలితో చూడండి, పొడిగా ఉంటే మళ్ళీ పోయండి. యూరియా మాత్రం వద్దు, ఆకు గుబురుగా పెరిగి పూలు తగ్గుతాయి.

మొగ్గలు ఊదారంగుకి తిరిగి చిన్న కన్నం కనిపిస్తే మొగ్గ తొలిచే పురుగు, అవి కోసి పడేయండి, ఎండ తగ్గాక లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి కొట్టండి. పూలయ్యాక కొమ్మల చివర్లు కత్తిరిస్తే ఇంకో విడత పూస్తుంది.