ఆవకాయ మాత్రం జాడీలోనే

చిన్నమ్మలూ,

మధురవాడలో ఫ్లాటు తీసుకున్నావట, వచ్చే వారమే దిగుతున్నావట. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో సొంత తాళంచెవి చేతపట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే. మీ పిన్ని ఉంటే ఈపాటికి మల్కాపురమంతా చెప్పొచ్చేది. నాకు నిద్ర పట్టలేదమ్మా. సగం సంతోషం. మిగతా సగం, నువ్వు వంటింటికని తెప్పించిన ఇరవై నాలుగు ప్లాస్టిక్ డబ్బాల దిగులు.

పప్పులు, పంచదార, రవ్వ అందులో పోసుకో, ఫరవాలేదు. డబ్బా తిరగేసి అడుగున త్రికోణంలో 5 అంకె, పక్కన గ్లాసూ ఫోర్కూ బొమ్మ ఉన్నాయేమో చూడు. లేనివి వెనక్కి పంపెయ్యి. వేడి పులుసు మాత్రం ప్లాస్టిక్‌లో పొయ్యకు. 5 అంకె డబ్బా వేడికి తట్టుకుంటుందనే అంటారు, నా మనసే ఒప్పుకోదు. ఎండు నెత్తళ్లు ఒక్కసారి పెట్టావంటే ఆ డబ్బాలో ఇంకేమీ పొయ్యలేవు, ఆ వాసన పోదు. వాటికి గాజు సీసా పెట్టుకో. ఫ్రిజ్‌లోంచి తీసిన మామూలు గాజుగిన్నెలో మరిగే నీళ్లు పోస్తే పగిలి చేతిలోకి వస్తుంది, జాగ్రత్త.

మన విశాఖలో డబ్బా కంటే ముందు మూత చూడాలి. సముద్రం గాలి, దానికి తోడు చెమ్మ. మూత వదులైతే వానాకాలంలో ఉప్పు నీరుకారుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, చోడిపిండికి పురుగు పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు మీ అమ్మ ఒళ్లోంచి దిగలేదు, గుర్తుందా? మా వంటింటి కిటికీ అద్దాలు ఊడిపోయి వాన లోపలికి కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేక ఫ్రిజ్‌లోదంతా పారబోశాం. మూత బిగువుగా ఉన్న స్టీలు డ్రమ్ములో బియ్యం ఒక్క గింజ తడవలేదు. మీ ఇంటికీ అందులోంచే పంపాం. అందుకే చెప్తున్నా, బియ్యానికి స్టీలు డ్రమ్మే కొను.

కొట్లో అయస్కాంతం పెట్టి చూపించి, అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే అంటారు. నమ్మకు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 రకం కూడా అంటుకోదు. 304 అని ఉన్నది అడుగు. అందులో క్రోమియం దాదాపు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. అదైనా సరే, ఉప్పూ పులుపూ నెలల తరబడి నిలవుండే చోట పనికిరాదు. ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు.

1997 వేసవిలో మీ పిన్ని వాళ్లమ్మ బొబ్బిలి నుంచి వచ్చి మాకు ఆవకాయ పెట్టి వెళ్లింది. కాయలు వాళ్ల పెరటి చెట్టువే. ఆషాఢంలో ఆవిడకి బాగా లేదని కబురొస్తే మీ పిన్ని వెళ్లింది. నేనొక్కణ్ణే ఉన్నాను. జాడీ అటక మీద ఉంది, రోజూ దించాలంటే బరువు. కొత్తగా కొన్న ఐదు కిలోల స్టీలు డబ్బా తళతళా మెరుస్తుంటే, ఆవకాయంతా అందులోకి మార్చేసి గట్టు మీద పెట్టుకున్నాను. మంచి పనే చేశాననుకున్నాను.

ఆవిడ మళ్లీ లేవలేదు. మీ పిన్ని అన్నీ అయ్యాక భాద్రపదంలో వచ్చింది. వచ్చిన రోజు వేడన్నం వడ్డించుకుని, అమ్మ పెట్టిన ఆవకాయ తెమ్మంది. మూత తీస్తే లోపలివైపు ఎర్రటి చుక్కలు. ఇనప వాసన. ముక్క నాలుక్కి రాసుకుని చూసింది. ఒక్క మాట అనలేదు, మూత పెట్టేసి మజ్జిగ పోసుకుని తినేసింది. మూడు రోజులు ఆ డబ్బా గట్టు మీదే ఉంది. పారెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాలుగోనాడు తనే పారబోసి, డబ్బా తోమి ఎండలో బోర్లించింది. తిప్పి చూశాను. అడుగున సూదిమొనంత గుంటలు, పదీ పన్నెండు.

ఓడల పనివాణ్ణమ్మా నేను. ఉప్పునీళ్లు ఇనుముని ఎలా తినేస్తాయో షిప్‌యార్డులో రోజూ చూసేవాణ్ణి. తుప్పు గీకడం, రంగు వెయ్యడం, మళ్లీ గీకడం. ఆ తెలివి ఇంటి గట్టు దగ్గర ఏమైపోయిందో! వాళ్లమ్మ చేతి రుచి మీ పిన్నికి ఇంకో నాలుగు నెలలు దక్కేది. నేను దక్కనివ్వలేదు. తను పోయేదాకా ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నీకే మొదటిసారి రాస్తున్నాను.

కాబట్టి ఆవకాయ, చింతకాయ, నిమ్మకాయ, ఏదైనా సరే జాడీలోనో గాజుసీసాలోనో ఉండాలి. సీసాకి రేకు మూతైతే దాన్నీ తుప్పు తింటుంది, ఆ మూత తీసేసి గుడ్డ కట్టు. తడి గరిటె పెట్టకు. పైన నూనె తేలుతూ ఉండాలి. అన్నం ఒండుకోకుండా బయట తిండి తెప్పించుకుంటావేమోనని కూడా నా భయం, అది ఇంకోసారి తిడతాను.

కొత్త జాడీ కొనకు. మీ పిన్ని జాడీ ఇంకా అటక మీదే ఉంది, ఎక్కడా పెచ్చు ఊడలేదు. రేపు కడిగి ఎండబెడతాను. ఆదివారం పొద్దున్నే బస్సులో ఒళ్లో పెట్టుకుని తెస్తాను. వాసెన కట్టడానికి ఒక తెల్లగుడ్డ ఉతికి ఉంచు, పురికొస నేనే తెస్తాను.

మీ బాబాయి