మేనమామని బాబాయిని చెయ్యకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ నవల రాతప్రతి అంది మూడు వారాలైంది. చేతులు వణుకుతున్నాయి, పెన్ను నిలవడం లేదు. అందుకని నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. దానికి మధ్యలో నవ్వొస్తే ఆగిపోతోంది. ఆలస్యానికి అదో కారణం.

రోమన్ల ఊరు పాంపేయి మీద తెలుగులో నవల రాయాలన్న ఆలోచనే నాకు నచ్చింది. వెసూవియస్ అగ్నిపర్వతం పేలే అధ్యాయం బాగా కుదిరింది. పైనుంచి రాళ్లు పడుతుంటే జనం తలల మీద దిండ్లు కట్టుకుని బయటపడటం రోమన్ రచయిత చిన్న ప్లినీ ఉత్తరంలోదే అయినా, దాన్ని ఎక్కడ పెట్టాలో నీకు తెలిసింది. అక్కడే, రెండు పేరాల తర్వాత, నాకు కాలికి రాయి తగిలినట్టయింది. "ప్లినీ బాబాయి ఓడెక్కాడు" అని రాశావు. ఆయన బాబాయి కాదమ్మా, మేనమామ.

ఎలా జరిగిందో ఊహించగలను. నువ్వు చదివిన ఇంగ్లీషు పుస్తకంలో అంకుల్ అని ఉండి ఉంటుంది. ఇంగ్లీషువాళ్లకి నాన్న తమ్ముడైనా, అమ్మ అన్నయినా ఒకటే పిలుపు. లాటిన్‌లో అలా కాదు. తండ్రి సోదరుడు పత్రుయుస్, తల్లి సోదరుడు అవుంకులుస్. మేనత్త అమిత. పిన్నీ పెద్దమ్మా మాతెర్తెర. మన వరసలకి ఎంత దగ్గరో చూడు! చరిత్రకారుడు టాసిటస్‌కి చిన్న ప్లినీ రాసిన ఆ ఉత్తరం మొదలయ్యేదే "మా అవుంకులుస్ మరణం గురించి రాయమన్నారు" అని. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి జారిపోయిన మాట తెలుగులో సొంత ఇంటికి వచ్చినట్టు వస్తుంది. నువ్వు దాన్ని గుమ్మంలోనే ఆపేశావు.

మాట పట్టింపు అనుకోకు. ఆ కథంతా ఈ వరస మీదే నిలబడింది. క్రీ.శ. 79లో ఆ మేనమామ, పెద్ద ప్లినీ, మిసేనం రేవులో నౌకాదళాధిపతి. తండ్రి లేని మేనల్లుడూ, వాడి తల్లీ ఆయన దగ్గరే ఉన్నారు. కుర్రవాడికి 17 ఏళ్లు. ఆకాశంలో ఆ వింత మేఘాన్ని ఆయనకి మొదట చూపించింది ఆ తోబుట్టువే. దగ్గరికెళ్లి చూద్దామని ఓడ సిద్ధం చేయించి, వస్తావా అని మేనల్లుణ్ణి అడిగాడు. చదువుకోవాలి, రాను అన్నాడు వాడు. రాయమని మేనమామ ఇచ్చిన పనే ముందుంది మరి. సరదాగా చూడ్డానికి బయల్దేరిన మనిషి, గుమ్మం దాటుతుండగా సాయం చేయమన్న కబురు అందాక జనాన్ని తీసుకురావడానికి పెద్ద ఓడలు దింపించాడు. పాంపేయికి దగ్గర్లోని స్టేబియే ఒడ్డున పోయాడు. తండ్రి లేని మేనల్లుణ్ణి మేనమామ చేరదీశాడంటే తెలుగు పాఠకుడికి ఇంకేం వివరించాలి? ఇంగ్లీషు రచయిత అరపేజీ ఖర్చుపెట్టాల్సిన చోట నీకు ఒక్క మాట సరిపోతుంది.

ఇందాక "రాయమన్నారు" అన్నాను చూడు, అది నా నిర్ణయం. లాటిన్‌లో నువ్వూ మీరూ తేడా ఆ కాలానికి లేదు. ఇదే ప్లినీ తర్వాత ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరాల్లో కూడా "ప్రభూ" అంటూనే ఏకవచనంలో పిలుస్తాడు. బానిస యజమానిని పిలిచినా అంతే. తెలుగులో ఆ వీలు లేదు, ఎవరు నువ్వో ఎవరు మీరో తేల్చాల్సిందే. నీ నవలలో కిందివాళ్లందరూ పైవాళ్లని మీరు అంటున్నారు. సినిమా దర్బారులా ఉంది. పసిపాపప్పుడు ఎత్తుకు పెంచిన దాది, ఇప్పుడు యజమానైన వాణ్ణి ఏమంటుంది? నలుగురిలో మీరు, గదిలో నువ్వు అనిపించి చూడు. ఆ ఒక్క మార్పుతో ఆవిడ మనిషవుతుంది.

ఇబ్బంది పెట్టే పిలుపులూ ఉన్నాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో విండోలాండా అనే రోమన్ సైనిక కోట ఉంది. అక్కడ 1973 నుంచి, సిరాతో రాసిన పల్చటి చెక్క ఉత్తరాలు వందల కొద్దీ తవ్వకాల్లో బయటపడ్డాయి. ఒక దాంట్లో సాక్సులూ, చెప్పులూ, లోదుస్తులూ పంపుతున్నట్టు ఉంటుంది, ఊళ్లో చలి అలాంటిది. ఇంకొకటి 100వ సంవత్సరం ప్రాంతంలో మరో కోటలోని అధికారి భార్య క్లాడియా సెవెరా, విండోలాండా అధికారి భార్య సుల్పికియా లెపిడినాకి రాసిన పిలుపు. సెప్టెంబర్ 11న నా పుట్టినరోజు, నువ్వొస్తేనే నాకు పండగ అని. ఉత్తరం రాసింది లేఖకుడు. చివర నాలుగు ముక్కలు మాత్రం సెవెరా తన చేత్తో రాసుకుంది, "ఎదురుచూస్తుంటాను సొరోర్" అంటూ. ఆడవాళ్లు రాసిన లాటిన్ చేతిరాతలో మనకు దొరికిన అతి పాతవాటిల్లో అదొకటి. సొరోర్ అంటే తోబుట్టువు. అక్కో చెల్లో లాటిన్ చెప్పదు, తెలుగు అడగక మానదు. నన్నడిగితే "వదినా" అంటాను. తోటి ఆఫీసరు భార్యని మనవైపు పిలిచేది అలాగే కదా. మా మనవరాలు ఒప్పుకోవడం లేదు. పాత సినిమాలా ఉంటుందట. నువ్వే తేల్చు.

ఇంగ్లీషు చేసిన ఇంకో పని చెబుతాను, ఇది పెద్దది. నీ రాతప్రతి నిండా "పనివాళ్లు", "నౌకర్లు". సర్వెంట్ అన్న మాటని తర్జుమా చేశావు. మూలంలో సెర్వుస్ అని ఉంటుంది. అంటే బానిస. నౌకరు సాయంత్రానికి ఇంటికెళతాడు. బానిసని అమ్మొచ్చు. పాంపేయి పక్కనే హెర్క్యులేనియంలో, ఎనిమిది ముక్కలుగా గాట్లు పెట్టిన ఒక గుండ్రటి రొట్టె బొగ్గయిపోయి దొరికింది. దాని మీద ముద్ర ఉంది: సెలెర్, క్వింటుస్ గ్రానియుస్ వేరుస్ బానిస. ఇప్పుడది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. నీ నవలలో నాలుగుసార్లు రొట్టె బల్ల మీదికి వచ్చింది, ఒక్కసారి కూడా పిండి కలిపిన చెయ్యి కనపడలేదు.

తిండి మాట వచ్చింది కాబట్టి నా తప్పూ చెప్పుకోవాలి. పాతికేళ్ల వయసులో నేనూ ఒక రోమన్ కథ రాశాను. విందులో ఎర్రటి టమాటా పులుసు పెట్టాను, మిరపకాయలు కూడా వేశాననుకుంటా. వారపత్రిక అచ్చేసింది. ఓ పాఠకుడు కార్డు రాశాడు, ఆ రెండూ కొలంబస్ తర్వాత వచ్చినవి బాబూ అని. నెల రోజులు తలెత్తుకోలేదు. వాళ్లకి ఉన్నవి చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే గారుమ్, మన మలబారు నుంచి వెళ్లిన మిరియాలు. 408లో రోముని ముట్టడించిన గోతుల రాజు అలారిక్, బంగారంతో పాటు 3,000 పౌన్ల మిరియాలు అడిగాడు.

ధాన్యకటకం నుంచి వచ్చిన నీ వర్తకుడి జోలికి నేను పోను. మసాలియా తీరంలో నేత బట్టలు విరివిగా దొరుకుతాయని ఆ కాలపు గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్‌లో ఉంది. అది మన కృష్ణా తీరమే అంటారు. కాబట్టి అతనికి చోటుంది. కానీ కొలోసియంలో కూర్చోబెట్టావు. అది తెరిచింది 80లో, నీ కథ 79లో. పాంపేయికి సొంత ఆంఫీథియేటర్ ఉంది, అప్పటికే నూట యాభై ఏళ్ల నాటిది. అక్కడ కూర్చోబెట్టు, టికెట్ కూడా అక్కర్లేదు.

లాటిన్ మొత్తం నేర్చుకోమనడం లేదు. వరస, పిలుపు, వృత్తి, ఈ మూడూ ఎదురైనప్పుడు మూలంలో ఏ మాట ఉందో చూడు. ప్లినీ ఉత్తరాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. నిఘంటువు పక్కన పెట్టుకుంటే గంట పని.

మనవరాలికి కాలేజీ టైమైంది, పెన్ను నాకిచ్చేసింది. ఇక్కణ్ణుంచి నా చేతిరాత. గీతలు వంకర పోతున్నాయి, కూడబలుక్కుని చదువుకో. సంక్రాంతికి మీ ఊరెళ్లే ముందు ఒకసారి రా. సెలెర్ పిండి కలిపే అధ్యాయం పట్టుకుని రా.

ఎదురుచూస్తుంటాను,
మీ మాస్టారు