ప్రొజెక్టర్ బొమ్మ ఒక అంచునే మసకగా ఉందా? లెన్స్ మార్చే ముందు టేపు పట్టి కొలవండి

గుంటూరు నుంచి మీరు అడిగింది ఇదీ: కొత్తగా కొన్న ఎల్ఈడీ ప్రొజెక్టర్‌లో మధ్యలో అంతా బాగుంది, కుడి అంచున మాత్రం అక్షరాలు మసక. ఫోకస్ రింగ్ తిప్పి కుడి పక్క సరిచేస్తే ఎడమ పక్క పోతోంది. షాపువాళ్లు లెన్స్ పోయిందంటున్నారు, నిజమేనా అని. అప్పుడే లెన్స్‌కి డబ్బు కట్టకండి. అచ్చం ఇదే మా ఇంట్లోనూ జరిగింది.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా హాల్లో బొమ్మ వేసుకునే గోడకి సరిగ్గా ఎదురుగా బీరువా ఉండేది. దాన్ని కదపడం ఎందుకులే అని ప్రొజెక్టర్‌ని ఎడమ పక్క కిటికీ గట్టు మీద పెట్టి, కుడికి తిప్పి వేశాను. బొమ్మ ఒక పక్క పొట్టిగా, ఇంకో పక్క పొడుగ్గా వచ్చింది. కీస్టోన్ (వంకర వచ్చిన బొమ్మ ఆకారాన్ని సరిచేసే సెట్టింగ్) నొక్కి నాలుగు మూలలూ సర్దేశాను. పైకి అంతా బాగానే ఉంది. క్రికెట్ మ్యాచ్ పెట్టాక నాన్నగారు, "కుడి పక్కన ఓవర్లు కనపడట్లేదురా, నా సైట్ పెరిగిందేమో" అన్నారు. కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అసలు ఆయన కోసమే కొన్నాను, మనసు చివుక్కుమంది. ఏలూరు రోడ్డులో ఒక షాపుకి తీసుకెళితే వాళ్లూ లెన్స్ మార్చాలనే అన్నారు.

మార్పించే ముందు ఇంట్లో ఒక పని చేశాను. మీరూ ఈ రాత్రి అదే చేయండి. అక్షరాలున్న పేజీ ఏదైనా తెర నిండా వచ్చేలా పెట్టి, మధ్యలో ఫోకస్ సరిచేయండి. ఒక పాత శుభలేఖ తీసుకుని దాని వెనక తెల్లటి వైపు కుడి అంచు దగ్గర గోడకి ఆనించండి. మా ఇంట్లో అక్కడ అక్షరాలు తడి ముగ్గు మీద చెయ్యి పడ్డట్టు అలుక్కుపోయి ఉన్నాయి. కార్డుని గోడకి దూరంగా, ప్రొజెక్టర్ వైపు మెల్లగా జరుపుతూ వచ్చాను. జానెడు దూరం వచ్చేసరికి "ఓవర్లు" అన్న మాటలో ప్రతి గీతా సన్నగా, గీసినట్టు తేలింది. గోడ మీద పోయిన అక్షరం నా చేతిలో కార్డు మీద స్పష్టంగా ఉంది! అంటే లెన్స్ తన పని తాను చేస్తోంది. కాకపోతే దాని ఫోకస్ గోడ మీద పడట్లేదు, గోడకి జానెడు ముందే పడుతోంది.

ఒక్క జాగ్రత్త. ప్రొజెక్టర్ ఎటు తిరిగి ఉందో దాన్నిబట్టి ఫోకస్ గోడకి వెనక పడే అంచూ ఉంటుంది. అక్కడ కార్డు ఎంత జరిపినా తేలదు. అప్పుడు ఆ అంచు చూస్తూ ఫోకస్ రింగ్ తిప్పండి. మధ్య భాగం పోయినా సరే, అంచు ఒక్కసారైనా స్పష్టంగా వస్తే లెన్స్ పోయిందని అప్పుడే అనుకోనక్కర్లేదు.

కారణం ఏమిటంటే, ఫోకస్ అనేది లెన్స్‌కి ఎదురుగా నిటారుగా నిలబెట్టిన ఒక పలక లాంటిది. లెన్స్ పక్కకి తిరిగితే ఆ పలకా తిరుగుతుంది, గోడ మాత్రం తిరగదు. మూల నుంచి ఎదురు మూలకి 100 అంగుళాలుండే వైడ్‌స్క్రీన్ (16:9) బొమ్మ వెడల్పు సుమారు 221 సెంటీమీటర్లు. ప్రొజెక్టర్ 10 డిగ్రీలు పక్కకి తిరిగితే ఈ అంచుకీ ఆ అంచుకీ లోతులో దాదాపు 38 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పైగా తక్కువ ధర ఎల్ఈడీ ప్రొజెక్టర్లకి ముందు లెన్స్ పెద్దగా ఉంటుంది. లెన్స్ నోరు ఎంత పెద్దదైతే ఫోకస్ నిలిచే మందం అంత తక్కువ. అందుకే వాటిలో ఈ తేడా ఇట్టే బయటపడుతుంది.

కీస్టోన్ సరిచేసేది బొమ్మ ఆకారాన్నే, ఫోకస్‌ని కాదు. లోపల బొమ్మ తయారయ్యే ప్యానెల్ మీద బొమ్మని వంకరగా కుదించి గోడ మీద దీర్ఘచతురస్రంగా కనిపించేలా చేస్తుంది. ఆ కుదింపులో కొన్ని పిక్సెల్స్ వృథా అవుతాయి, అక్షరాల పదునూ తగ్గుతుంది. తప్పుని కప్పేస్తుంది కాబట్టి మనకి అనుమానం కూడా రాదు. నా ఉద్దేశంలో ఇంట్లో దాన్ని సున్నా మీదే వదిలేయాలి.

కాబట్టి ముందు ఆటో కీస్టోన్ ఆపి, విలువలన్నీ సున్నాకి తెండి. టేపుతో లెన్స్ నుంచి బొమ్మ ఎడమ అంచుకి, కుడి అంచుకి ఒకే ఎత్తులో కొలవండి. రెండూ సమానం అయ్యేదాకా ప్రొజెక్టర్‌ని జరపండి, తిప్పండి. తర్వాత బొమ్మ ఎడమ ఎత్తు, కుడి ఎత్తు కొలవండి. 100 అంగుళాలకైతే రెండు పక్కలా సుమారు 125 సెంటీమీటర్లు రావాలి. ముందు కాలు స్క్రూ తిప్పి బొమ్మని పైకి లేపి ఉంటే అదీ దించేయండి, లేకపోతే పై అంచుకి ఇదే గతి. కావాలంటే కింద పీట వేసి ఎత్తు పెంచండి. మేము బీరువాని రెండడుగులు జరిపాం. నిండా బట్టలున్నది, అరలన్నీ ఖాళీ చేసి జరిపేసరికి ఒక ఆదివారం పట్టింది. ఆ రాత్రి నాన్నగారు కుర్చీలోంచి లేవకుండానే కుడి మూల స్కోరు చదివారు.

ఇంకో మాట, ఆన్ చేసిన వెంటనే ఫోకస్ చూడకండి. వేడికి లెన్స్, దాని చుట్టూ ప్లాస్టిక్ కొంచెం వ్యాకోచిస్తాయి. మన ఎండాకాలంలో అయితే నాకు అరగంటలో తేడా తెలిసిపోతుంది. అరగంట నడిచాకే ఆఖరి సర్దుబాటు చేయండి.

ఇంత చేసినా పోకపోతే మసక ఎక్కడుందో చూడండి. నాలుగు మూలలూ ఒకేలా మసకబారి మధ్య మాత్రమే బాగుంటే అది చవక లెన్స్ స్వభావం, ఫోకస్ పలక చదునుగా కాకుండా గిన్నెలా వంగి ఉంటుంది. మధ్యకీ అంచుకీ నడుమ ఉన్న అక్షరాల మీద ఫోకస్ చేస్తే రెండు చోట్లా చదవగలిగేంత వస్తుంది. ఒక్క మూలే మసకైతే గోడ మీద దారం బిగించి లాగి ఉబ్బు ఉందేమో చూడండి. ఉబ్బు లేకపోతే గాలి కంతలు మూయకుండా ప్రొజెక్టర్‌ని కాసేపు తలకిందులుగా పెట్టండి. మసక ఎదురు మూలకి మారితే లెన్స్ లోపల ఒరిగిందన్నమాట, అప్పుడు వారంటీలో గట్టిగా అడగండి. లెన్స్ మీద వేలిముద్రలుంటే బొమ్మంతా పాలిపోయినట్టు ఉంటుంది గానీ ఒక అంచే చెడదు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు, చొక్కా అంచుతో మాత్రం వద్దు.

లెన్స్ నుంచి రెండు అంచులకీ ఎంతెంత వచ్చిందో, కార్డు ఎంత దూరంలో తేలిందో ఇక్కడ రాయండి. ప్రొజెక్టర్ ఎటు జరపాలో చూసి చెబుతాను.