మెర్ల్ ఒబెరాన్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి చేతిలో పెన్సిలు పట్టుకుని చదివాను. పన్నెండు పేజీలు రాశావు. వాటిలో ‘అబద్ధం’ అనే మాట పంతొమ్మిది సార్లు వచ్చింది. లెక్కపెట్టాను.

హాలీవుడ్ నటి మెర్ల్ ఒబెరాన్ అబద్ధం చెప్పిన మాట నిజమే. 1911 ఫిబ్రవరి 19న బొంబాయిలో పుట్టిన మనిషి, ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో పుట్టానని దాదాపు బతుకంతా చెప్పుకుంది. అసలు పేరు ఎస్టెల్ మెర్ల్ ఒబ్రయన్ థాంప్సన్, ఇంట్లో క్వీనీ అనేవాళ్ళు. నువ్వు ఈ వివరాలన్నీ ఓపిగ్గా సేకరించావు, తేదీలు సరిగ్గా వేశావు. అందుకు నిన్ను మెచ్చుకుంటున్నాను. కానీ వ్యాసం మొదటి నుంచి చివరిదాకా దొంగను పట్టుకున్న వాడి గొంతుతో నడిచింది. ఆ గొంతు మార్చుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం.

నాలుగో పేజీలో ఒక వాక్యం రాశావు: ‘ఆ రోజుల్లో జాతి వివక్ష ఉండేది.’ అంతే రాసి మళ్ళీ ఆమె మీదికి వెళ్ళిపోయావు. ఆ ఒక్క వాక్యాన్ని మూడు పేజీలు చెయ్యి. ఎందుకంటే పాఠకుడికి ‘వివక్ష’ అన్న మాట వింటే ఏమీ కనపడదు. దాని బదులు 1923లో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు గురించి చెప్పు. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం అడిగితే, భారతీయులు చట్టం చెప్పే ‘తెల్లవాళ్ళ’ కిందికి రారని కోర్టు తేల్చింది. అంతకుముందే 1917 చట్టం మన దేశం నుంచి వలసలకు తలుపు మూసింది. ఆ తలుపు 1946లో కొద్దిగా తెరుచుకుంది, అదీ ఏడాదికి వందమందికి. మెర్ల్ హాలీవుడ్‌లో అడుగుపెట్టి హీరోయిన్‌గా నిలదొక్కుకున్నది సరిగ్గా ఈ రెండింటి మధ్య కాలంలో.

ఇక సినిమాల సంగతి. 1934 నుంచి హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్, అంటే తెర మీద ఏం చూపకూడదో చెప్పే నిబంధనల పట్టిక, గట్టిగా అమలైంది. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య ప్రేమ సంబంధం తెర మీద చూపకూడదని అందులో రాతపూర్వకంగా ఉంది. ఆచరణలో ఆ నీడ ఆసియా వాళ్ళ మీదా పడింది. 1937లో వచ్చిన ‘ది గుడ్ ఎర్త్’ చైనా రైతు కుటుంబం కథ. రైతు వేషం పాల్ మ్యూనీది, భార్య వేషం లూయీజ్ రైనర్‌ది. ఇద్దరూ తెల్లవాళ్ళే. రైనర్‌కు ఆస్కార్ వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టి పెరిగిన చైనీస్ నటి అన్నా మే వాంగ్‌కు ఆ పాత్ర దక్కలేదు. మెర్ల్ ఇదంతా కళ్ళారా చూస్తూ పనిచేసింది. తన మిశ్రమ పుట్టుక సంగతి బయటపడితే తనకు ఒక్క ప్రేమ సన్నివేశం కూడా మిగలదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది రాశాక ‘అబద్ధం’ అనే మాట ఎన్నిసార్లు వాడాలనిపిస్తుందో చూసుకో.

ఆ కథ ఆమె ఒక్కతే అల్లింది కాదన్న సంగతి కూడా నీ వ్యాసంలో లేదు. ఆమెను వెలుగులోకి తెచ్చింది లండన్‌లో సినిమా నిర్మాత, దర్శకుడు అలెగ్జాండర్ కోర్డా. 1933లో ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’లో రాణి ఆన్ బొలీన్ వేషం ఇచ్చాడు. కాసేపే కనపడుతుంది, అయినా జనం గుర్తుపెట్టుకున్నారు. టాస్మేనియా కథ ఆ రోజుల్లో పత్రికలకు అందిన ప్రచారంలోదే. లండన్ నుంచి చూస్తే అది చాలా దూరం, పైగా బ్రిటిష్ వాళ్ళ నేల. అంత దూరం వెళ్ళి ఎవరు విచారిస్తారు? కోర్డా సంగతి చూడు. ఆయన హంగరీ యూదుడు, పుట్టినప్పటి ఇంటిపేరు కెల్నర్. హాలీవుడ్‌లో ఆమెతో ‘ది డార్క్ ఏంజెల్’ తీసిన శామ్యూల్ గోల్డ్విన్ కూడా పోలండ్ నుంచి వచ్చి పేరు మార్చుకున్నవాడే. పేర్లు మార్చుకున్న మనుషులు ఆమెకు పేరు పెట్టారు. దీని మీద వ్యాఖ్యానం ఏమీ చెయ్యకు. పక్కపక్కన పెట్టి ఊరుకో, పాఠకుడే అర్థం చేసుకుంటాడు.

ఇంకో సంగతి కూడా అలాగే పక్కన పెట్టమంటాను. 1937లో ఇదే కోర్డా కంపెనీ ‘ఎలిఫెంట్ బాయ్’ తీసింది. అందులో హీరో సాబూ, మైసూరు సంస్థానంలోని మావటి కొడుకు. ఆ పిల్లవాడి ఒంటి రంగు, తలపాగా, ఏనుగు అన్నీ పోస్టర్ల మీదికెక్కాయి. ఒకే కంపెనీలో ఒకరి భారతదేశాన్ని టిక్కెట్లు పెట్టి అమ్మారు, ఇంకొకరి భారతదేశాన్ని తాళం వేసి దాచారు. అడవి పిల్లవాడి వేషానికి మన దేశం కావాలి. ప్రేమకథలో నాయికకు మాత్రం ఉండకూడదు. నాకు ఈ పోలిక తట్టిన రోజు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆమె నటన గురించి. నువ్వు పన్నెండు పేజీల్లో నటనకు ఇచ్చింది ఒక పేరా. నటి గురించి రాస్తూ ఆమె పనిని వదిలేస్తే మిగిలేది చుట్టుపక్కల వాళ్ళ కబుర్లే. కూర్చుని సినిమాలు చూడు, రాసుకుంటూ చూడు. 1934లో ‘ది బాటిల్’లో జపాన్ దొరసాని వేషం కట్టించారు. మొదట్లో ఆమెకు అలాంటి ‘దూరదేశపు అందగత్తె’ పాత్రలే. 1935లో ‘ది డార్క్ ఏంజెల్’లో ఆ అలంకారమంతా తీసేసి మామూలు ఇంగ్లీషు పల్లెటూరి అమ్మాయిని చేశారు. దానికే ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. ఆ విభాగంలో ఆసియా మూలాలున్న మొదటి నటి ఆమేనని ప్రపంచం గట్టిగా చెప్పుకున్నది 2023లో మలేసియా నటి మిషెల్ యో అదే అవార్డు గెలిచినప్పుడు.

‘వుదరింగ్ హైట్స్’ (1939) మాత్రం తప్పకుండా రెండుసార్లు చూడు. విలియం వైలర్ దర్శకత్వం, హీత్‌క్లిఫ్‌గా లారెన్స్ ఒలీవియర్. ఎమిలీ బ్రాంటీ నవల చదివావు కదా? అందులో హీత్‌క్లిఫ్ చామనఛాయ పిల్లవాడు, ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. వాణ్ణి ఓదారుస్తూ ఆ ఇంటి పనిమనిషి నెల్లీ, మీ అమ్మ ఇండియా రాణేమో ఎవరికి తెలుసు అంటుంది. సినిమాలో ఆ పాత్ర ఇంగ్లీషు నటుడు వేశాడు. అతని రంగును, పుట్టుకను లోకం ఈసడించుకుంటుంటే, ప్రేమించి కూడా పెద్దింటి కోడలిగా వెళ్ళిపోయే కేథీ పాత్ర మెర్ల్ వేసింది. వాళ్ళిద్దరిలో నిజంగా ఇండియాలో పుట్టిన మనిషి ఆమే అని తెలిసి చూస్తే ఆ సినిమా ఇంకోలా కనపడుతుంది. పెద్దింటి సంబంధం గురించి నెల్లీతో మాట్లాడుతూ, చివరికి నేనే హీత్‌క్లిఫ్‌ని అని కేథీ అనే సన్నివేశం ఉంది. అక్కడ ఆమె ముఖం చూడు. ఏం చూశావో నీ మాటల్లో రాయి. ‘అద్భుతంగా నటించింది’ అని మాత్రం రాయకు.

ఆమె ముఖం గురించి ఇంకో చిన్న సంగతి. 1937లో లండన్‌లో కారు ప్రమాదం జరిగి ముఖానికి గాయాలయ్యాయి. అప్పుడు తీస్తున్న ‘ఐ, క్లాడియస్’ సినిమా మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత ఆమెను పెళ్ళి చేసుకున్న కెమెరామన్ లూసియన్ బలార్డ్, లెన్స్ పక్కనే బిగించే చిన్న దీపం ఒకటి తయారుచేశాడు. ఆ కాంతి సూటిగా ముఖం మీద పడితే మచ్చలు కనపడవు. దానికి ఆమె పేరు మీదుగా ‘ఓబీ’ అని పేరొచ్చింది, ఇప్పటికీ కెమెరా వాళ్ళు ఆ మాట వాడతారు. ఇది నీ వ్యాసంలో ఫుట్‌నోట్‌లో ఉంది. పైకి తీసుకురా.

ఇక అసలు మాట. ఏడో పేజీలో ‘తల్లిని పనిమనిషిని చేసిన కూతురు’ అని ఉపశీర్షిక పెట్టావు. అది చదివి నేను పెన్సిలు కింద పెట్టేశాను.

షార్లెట్ సెల్బీ సింహళం నుంచి వచ్చిన మిశ్రమ జాతి స్త్రీ. మెర్ల్‌ను కన్నకూతురిలా పెంచింది. తర్వాత బయటపడిన జనన పత్రంలో తల్లి పేరు షార్లెట్ కాదు, షార్లెట్ కూతురు కాన్‌స్టన్స్. అప్పటికి కాన్‌స్టన్స్ ఇంకా చిన్నపిల్ల. అంటే పరువు కోసం మొదట దాచింది షార్లెట్. తన కూతురి బిడ్డను తన బిడ్డగా లోకానికి చూపించింది. కలకత్తాలో ఆ బిడ్డను లా మార్టినేర్ బడికి పంపింది. మిశ్రమ పుట్టుక గురించి తోటి పిల్లలు చేసే ఎగతాళి భరించలేక ఆ పిల్ల బడి మానేసింది. తర్వాత టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసింది. ప్రేమించానన్న ఒకాయన ఇంట్లో షార్లెట్‌ను చూశాక మెల్లగా తప్పుకున్నాడని జీవితచరిత్రలు చెబుతాయి. లండన్ వచ్చాక షార్లెట్ అదే ఇంట్లో, వచ్చేపోయే వాళ్ళ ముందు పనిమనిషిగా తిరిగింది. 1937లో పోయింది.

ఇందులో నీకు కూతురి పాపం ఒక్కటే కనపడింది. నాకు ఆ ఇంటి వంటగది కనపడుతోంది. అతిథులు వెళ్ళిపోయాక ఆ ఇద్దరూ ఏ మాటలు మాట్లాడుకుని ఉంటారో మనకు తెలియదు, కల్పించి రాయకూడదు కూడా. కానీ ఒక సాక్ష్యం ఉంది. 1949లో, షార్లెట్ పోయిన పన్నెండేళ్ళకు, మెర్ల్ ఒక పాత ఫోటో ఇచ్చి ఆమె పటం గీయించింది. ఒంటి రంగు తగ్గించి గీయమంది. ఆ పటాన్ని తను ఉన్న ప్రతి ఇంట్లోనూ గోడకు పెట్టుకుంది. బతికుండగా చెప్పుకోలేని తల్లిని రంగు మార్చి హాల్లో కూర్చోబెట్టింది. దీన్ని మోసం అనగలవా? ప్రేమ అనగలవా? ఏ మాటా సరిపోదు కాబట్టే మనం వ్యాసం రాస్తాం.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఇప్పటిదాకా ఎవరికీ రాయలేదు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక వారపత్రికకు రంగస్థల నటి ఒకావిడ మీద వ్యాసం రాశాను. పద్య నాటకాల్లో గొప్ప పేరున్న మనిషి. నాలుగుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను, ప్రతిసారీ అన్నం పెట్టి పంపింది. ఆవిడ పుట్టుక గురించి ఆవిడ చెప్పని సంగతి ఒకటి ఇంకొకరి ద్వారా నాకు తెలిసింది. నిజమే అని నిర్ధారించుకున్నాను కూడా. నిజం కదా అని రాసేశాను. చాలామంది మెచ్చుకున్నారు. పత్రిక తీసుకుని వాళ్ళింటికి వెళ్తే కొడుకు గుమ్మంలోనే నిలబడి ‘అమ్మ పడుకుంది’ అన్నాడు. వారం తర్వాత వెళ్ళాను, పడుకుంది. ఇంకో నెల తర్వాతా పడుకునే ఉంది. నేను రాసిన దానిలో తప్పు లేదు. కానీ ఆవిడ దాన్ని ఎందుకు దాచుకుందో ఒక్క ముక్క లేదు. దాచుకోవలసి వచ్చేలా చేసిన ఊరి గురించి, నాటక సమాజాల గురించి, చూడటానికి వచ్చి వెనక గుసగుసలాడే పెద్దమనుషుల గురించి రాసి ఉంటే, బహుశా ఆవిడ లేచి బయటికి వచ్చేది.

మెర్ల్ 1979లో పోయింది. నీకు ఆ భయం లేదు. అయినా అలాగే రాయి, ఆమె తలుపు వెనక పడుకుని ఉన్నట్టే.

ఇంకో జాగ్రత్త. చివరి పేజీలో ‘మన భారతీయ తార’ అని రాసి గర్వపడ్డావు. పదకొండు పేజీలు తిట్టి పన్నెండో పేజీలో సొంతం చేసుకున్నావు. తెల్లవాళ్ళు రంగు చూసి దూరం పెట్టారు, నిజమే. కలకత్తా బడిలో ఆ పిల్ల మనసు విరిచింది ఎవరు? ఇక్కడ పుట్టిన, ఇక్కడ పెరిగిన పిల్లలే. ఆంగ్లో ఇండియన్లను మనం ఏమని పిలిచేవాళ్ళమో మన రైల్వే కాలనీల్లో పెద్దవాళ్ళను అడుగు. బిట్రగుంటలో, గుంతకల్లులో, లాలాగూడలో ఆ జ్ఞాపకాలున్న వాళ్ళు ఇంకా దొరుకుతారు. మెర్ల్ తండ్రిగా చెప్పుకున్న ఆర్థర్ థాంప్సన్ కూడా రైల్వే ఇంజనీరే. ఆ మాటలు విన్నాక ‘మన’ అనే మాట ఉంచాలో తీసేయాలో నువ్వే తేల్చుకో. నేనైతే తీసేస్తాను.

ముగింపుకు నువ్వు వాడిన హోబర్ట్ ప్రయాణం సరైన ఘట్టం. 1978లో, పోవడానికి ఏడాది ముందు, టాస్మేనియా రాజధాని హోబర్ట్ ఆమెను తమ ఊరి ఆడపడుచుగా పిలిచి పౌర సన్మానం చేసింది. అరవై ఏడేళ్ళ మనిషి, పుట్టని ఊరికి పుట్టింటికి వచ్చినట్టు వచ్చింది. ఆ సభ ఆమెకు చాలా కష్టంగా గడిచింది. ఇక్కడ నువ్వు ‘చేసిన పాపం వెంటాడింది’ అని రాశావు. ఆ వాక్యం కొట్టేశాను. మిగతాది అలాగే ఉంచు.

మొత్తం తిరగరాసి ఒకేసారి పంపకు, టెన్షన్ పడతావు. ముందు ఆ పటం గురించిన పేరా ఒక్కటే రాసి పంపు. షార్లెట్ పేరుతో మొదలుపెట్టు. వచ్చే ఆదివారం దాకా ఊళ్ళోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు