మొదటి సీటీలో ఏమీ లేదన్నారు.. మర్నాటికి పక్షవాతం అన్నారు! తప్పెక్కడ జరిగింది?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు, వ్యవసాయం చేస్తారు. బీపీ ఉంది కానీ మాత్రలు సరిగా వేసుకోరు. పది రోజుల క్రితం ఉదయం ఏడున్నరకు టీ తాగుతుంటే చేతిలోని గ్లాసు జారిపోయింది. మూతి వంకర పోయింది, మాట ముద్దగా వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిస్తే బీపీ బాగా ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టారు. టౌన్‌లో ఆస్పత్రికి చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. సీటీ స్కాన్ తీసి నార్మల్ అన్నారు. అయినా ఇది పక్షవాతమే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెంటనే చెయ్యాలి, దానివల్ల నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావం కావచ్చు, సంతకం పెట్టండి అన్నారు. స్కాన్‌లో ఏమీ లేనప్పుడు అంత రిస్కు ఎందుకని బంధువులంతా అనడంతో మేం వద్దన్నాం. మర్నాడు మళ్లీ స్కాన్ తీస్తే మెదడు ఎడమవైపు దెబ్బతిందని చెప్పారు. ఇప్పుడు కుడిచెయ్యి లేవడం లేదు, కాలు కొద్దిగా కదుపుతున్నారు. మొదటి స్కాన్ తప్పా? ఆ ఇంజెక్షన్ చేయించి ఉంటే నాన్న మామూలు మనిషి అయ్యేవారా? 24 గంటల్లోపు గడ్డను బయటికి లాగేస్తారని విన్నాం, ఇప్పుడు కుదురుతుందా? కొందరు పావురం రక్తం పూయమంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, సూర్యాపేట జిల్లా

జవాబు: మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం రెండోదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. దానికి సూటిగానే సమాధానం చెబుతాను. ముందు ఆ ‘నార్మల్’ సంగతి చూద్దాం. మీ నిర్ణయమంతా ఆ ఒక్క మాట మీదే ఆధారపడింది కాబట్టి.

మొదటి స్కాన్ తప్పు కాదు. పక్షవాతం రెండు రకాలుగా వస్తుంది. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఒక రకం, రక్తనాళం చిట్లి రక్తం కారితే మరో రకం. ఎక్కువమందికి వచ్చేది మొదటిదే. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: అదే వంకర మూతి, అదే పడిపోయిన చెయ్యి. కానీ వైద్యం పూర్తిగా వేరు. ఒకదాంట్లో రక్తాన్ని పలచన చెయ్యాలి, రెండోదాంట్లో అదే పని చేస్తే ప్రాణం పోతుంది. ఆ తేడా తెలుసుకోవడానికే సీటీ. కారిన రక్తం సీటీలో వెంటనే తెల్లగా కనిపిస్తుంది. రక్తం అందక దెబ్బతిన్న చోటు మాత్రం నల్లబడి స్పష్టంగా కనిపించడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి ఒక రోజు కూడా.

మీది వ్యవసాయ కుటుంబం కాబట్టి ఇలా చెబుతాను. బోరు ఆగిపోయిన రెండు గంటలకే పొలానికి వెళ్లి చూస్తే వరి పచ్చగానే ఉంటుంది. అంతమాత్రాన నీళ్లు అందుతున్నట్టు కాదు. ఎండిన మడి కనపడేదాకా ఆగితే తర్వాత నీళ్లు పెట్టినా ఆ పైరు లేవదు. తొమ్మిదిన్నరకు మీ నాన్నగారి మెదడు స్కాన్ అలా పచ్చగా ఉన్న మడి. ‘రక్తస్రావం లేదు, చచ్చిపోయిన భాగం ఇంకా కనపడటం లేదు, కాపాడుకోవడానికి చాలా మిగిలి ఉంది’ అని దాని అర్థం. ఇంజెక్షన్ చెయ్యడానికి అంతకంటే అనుకూలమైన స్కాన్ ఉండదు. మా డాక్టర్లు ఇక్కడ ‘నార్మల్’ అనే మాట వాడటమే మానుకోవాలని నేను గట్టిగా అనుకుంటాను. ‘రక్తస్రావం లేదు’ అని చెబితే చాలు, సగం అపార్థాలు పోతాయి.

ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతిలో తీస్తే దెబ్బ నిమిషాల్లోనే కనిపిస్తుంది. మరి అదే తియ్యొచ్చు కదా అంటారు. చాలా ఆస్పత్రుల్లో అది సిద్ధంగా ఉండదు, తియ్యడానికీ సమయం పడుతుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నరకణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికా న్యూరాలజిస్టు లెక్కగట్టారు. అందుకే చెయ్యి ఎంత లేస్తోంది, మాట ఎలా వస్తోంది, చూపు ఎటు ఉంది అని పరీక్షించి మార్కులు వేస్తాం. సున్నా నుంచి 42 దాకా ఉంటుంది ఆ స్కేలు. షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలా కనిపిస్తుంది కాబట్టి అదీ చూస్తాం. సీటీలో రక్తం లేకపోతే, టైమ్ ఉంటే, ఇక ఆగం. మీ డాక్టరు చేసింది అదే.

ఇప్పుడు మిమ్మల్ని భయపెట్టిన ఆ ‘నూటికి ఆరు’ గురించి. అది ఎవరో నోటికొచ్చినట్టు చెప్పిన అంకె కాదు. 1995లో అమెరికాలో 624 మంది రోగుల మీద చేసిన ఎన్‌ఐఎన్‌డీఎస్ పరిశోధనలో తేలింది. అందరూ మూడు గంటల్లోపు వచ్చినవాళ్లే. సగంమందికి ఆల్టెప్లేస్ అనే గడ్డ కరిగించే మందు ఇచ్చారు, సగంమందికి మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో చూసే డాక్టర్లకూ తెలియదు. మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతం మందికి మెదడులో రక్తస్రావమై పరిస్థితి దిగజారింది. తీసుకోనివాళ్లలో అలా అయినవాళ్లు 0.6 శాతం. ఈ ముక్క సంతకం తీసుకునేటప్పుడు అందరికీ చెబుతారు. రెండో ముక్క కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. మూడు నెలల తర్వాత చూస్తే దాదాపు పూర్తిగా కోలుకున్నవాళ్లు మందు తీసుకోనివాళ్లలో నూటికి 26 మంది, తీసుకున్నవాళ్లలో 39 మంది. రక్తస్రావమైనవాళ్లను పక్కన పెట్టలేదు, వాళ్లనూ కలిపిన లెక్కే ఇది. మందు తీసుకున్నవాళ్లలో మరణాలు పెరగలేదు కూడా.

తర్వాత 2008లో యూరప్‌లో 821 మందితో చేసిన పరిశోధనలో మూడు గంటలు దాటి నాలుగున్నర గంటల్లోపు ఇచ్చినా మేలుందని తేలింది. బాగా కోలుకున్నవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 52 శాతం, మిగతావాళ్లలో 45 శాతం. గడియారం ఎంత ముందుకు జరిగితే మేలు అంత తగ్గిపోతుందన్నది ఈ పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలే విషయం. మీరు రెండు గంటలకే చేరారు. ఊరి నుంచి ఆస్పత్రికి రావడంలో మీరు ఆలస్యం చెయ్యలేదు, అది గుర్తుంచుకోండి.

ఇక మీ రెండో ప్రశ్న. ఇంజెక్షన్ చేయించి ఉంటే మామూలు మనిషి అయ్యేవారా? అవకాశం పెరిగేది. తప్పకుండా అయ్యేవారని నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. ఆ 39కీ 26కీ మధ్య తేడా పదమూడు. నూరుగురిలో అదనంగా ఆ పదమూడుగురికే అంత బాగా నయమైంది. మందు తీసుకున్నా పూర్తిగా కోలుకోనివాళ్లు 61 మంది ఉన్నారు. మీ నాన్నగారు ఆ పదమూడుగురిలో ఒకరయ్యేవారో కాదో చెప్పే పరీక్ష ఏదీ లేదు. మళ్లీ ఇలాంటి పరిస్థితి ఎవరికైనా వస్తే ఇంజెక్షన్ చేయించమనే చెబుతాను. కానీ మీ చేతులారా నాన్నను మంచాన పడేశామని అనుకోవడానికి ఈ లెక్కల్లో ఆధారం లేదు. పది నిమిషాల్లో, చుట్టూ పదిమంది మాట్లాడుతుంటే, ‘నార్మల్’ అన్న మాట విని తీసుకున్న నిర్ణయం అది. మీ అమ్మగారికి కూడా ఈ పేరా చదివి వినిపించండి.

నాలుక కింద మాత్ర విషయం మాత్రం ఊరందరికీ చెప్పాల్సింది. గడ్డ అడ్డుపడినప్పుడు బీపీ పెరగడం సహజం. ప్రధాన దారి మూసుకుపోయినా పక్క రక్తనాళాల గుండా కాస్త రక్తం అందుతూ ఆ చుట్టుపక్కల భాగాన్ని బతికిస్తూ ఉంటుంది. బీపీని ఒక్కసారిగా దించేస్తే ఆ కాస్తా ఆగిపోతుంది. అందుకే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వనప్పుడు మేం సాధారణంగా 220/120 దాకా బీపీని ముట్టుకోం. ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110 లోపుకు, అదీ సెలైన్ ద్వారా, చూసుకుంటూ మెల్లగా దించుతాం. అలాగే స్కాన్ తియ్యకుండా ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యకూడదు, లోపల రక్తస్రావం ఉందో లేదో తెలియదు కాబట్టి. మాట ముద్దగా వస్తున్న మనిషికి నీళ్లు, సోడా తాగించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూతి, చెయ్యి, మాట - ఈ మూడింట్లో ఏది హఠాత్తుగా తేడా వచ్చినా, చివరిసారి మనిషి బాగా ఉన్న టైమ్ గుర్తు పెట్టుకుని 108కి ఫోన్ చెయ్యడం ఒక్కటే ఇంట్లో చెయ్యాల్సిన వైద్యం.

గడ్డను బయటికి లాగే చికిత్స గురించి మీరు విన్నది నిజమే. తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపి, చిన్న వలలాంటి స్టెంట్‌తో గడ్డను పట్టి లాగేస్తారు. నెదర్లాండ్స్‌లో 500 మందితో చేసిన మిస్టర్ క్లీన్ పరిశోధన 2015లో అచ్చయినప్పటి నుంచి దీని దశ మారింది. తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు మామూలు వైద్యంతో 19 శాతం ఉంటే, ఈ చికిత్స తోడైతే 33 శాతం. అదే ఏడాది మరో నాలుగు పరిశోధనలూ ఇదే మాట చెప్పాయి. అవి ఆరేడు గంటల్లోపు, కొన్ని ఇంకొంచెం ఆలస్యంగా చేసినవి. 2018లో వచ్చిన డాన్ అనే పరిశోధన దీన్ని 24 గంటల దాకా తీసుకెళ్లింది. అక్కడ తేడా ఇంకా ఎక్కువ: ఈ చికిత్సతో 49 శాతం, మామూలు వైద్యంతో 13 శాతం.

ఈ 24 గంటల మాట వాట్సాప్‌లో తిరుగుతుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది. రోజంతా టైమ్ ఉంది కదా అని జనం అనుకుంటారేమోనని. ఆ పరిశోధనలో వచ్చినవాళ్లందరికీ చెయ్యలేదు. పెద్ద రక్తనాళం మూసుకున్నా, పక్కదారుల వల్ల చచ్చిన భాగం చిన్నదిగా, కాపాడగలిగే భాగం పెద్దదిగా మిగిలిన అదృష్టవంతులను ప్రత్యేక స్కాన్లతో ఏరి వాళ్లకే చేశారు. మిగతావాళ్లకు ఆ పాటికే ఆలస్యమైపోయి ఉంటుంది. మీ నాన్నగారికి పది రోజులు దాటాయి కాబట్టి ఇప్పుడు ఆ చికిత్సతో ప్రయోజనం లేదు. చచ్చిన భాగానికి రక్తం తెరిచినా అది బతకదు, పైగా రక్తస్రావం కావచ్చు. ఎవరైనా చేస్తామని డబ్బు అడిగితే ఒప్పుకోకండి.

పావురం రక్తం వద్దు. చర్మం మీద పూసిన రక్తం మెదడులో మూసుకున్న నాళాన్ని చేరదు. మరి కొందరికి తగ్గింది కదా అంటారు. ఏ మందూ లేని ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో కూడా నూటికి 26 మంది దాదాపు పూర్తిగా కోలుకున్నారని పైన చెప్పాను. మెదడు మొదటి కొన్ని నెలల్లో తనంతట తాను కొంత సర్దుకుంటుంది. ఆ సమయంలో ఏం పూసినా దానివల్లే తగ్గిందనిపిస్తుంది. నా బాధల్లా, ఆ తిరుగుడులో పడి ఫిజియోథెరపీ చేయించాల్సిన వారాలు పోతాయని.

ఇదే కొలత మా వైపు మందులకూ వర్తిస్తుంది. మెదడుకు బలమని సిటికోలిన్ ఇంజెక్షన్లు, మాత్రలు చాలాచోట్ల రాస్తారు. 2012లో యూరప్‌లో 2298 మందితో పరీక్షిస్తే డమ్మీ మందుకూ దానికీ తేడా కనపడలేదు. మీ చీటీలో అది ఉంటే, ఆ డబ్బు ఫిజియోథెరపిస్టుకు పెట్టొచ్చా అని మీ డాక్టర్‌ను అడగండి. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర లాంటివి మాత్రం ఆయన చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు.

ఫిజియోథెరపీ గురించి ఒక మాట. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1250 మంది మీద అటెండ్ అనే పరిశోధన జరిగింది, 2017లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చి వాళ్లచేతే కసరత్తులు చేయిస్తే రోగి త్వరగా కోలుకుంటాడా అని చూశారు. ఆరు నెలల తర్వాత తేడా రాలేదు, రెండు గుంపుల్లోనూ 47 శాతం మంది మరణించడమో ఇతరుల మీద ఆధారపడటమో జరిగింది. ఎంతో ఆశపెట్టుకున్న పరిశోధన అది, ఫలితం చూసి నాకూ బాధేసింది. మీకు దీన్నెందుకు చెబుతున్నానంటే, అపరాధ భావంతో మీరే పగలూ రాత్రీ నాన్న చెయ్యి పట్టుకుని కసరత్తు చేయిస్తూ అలసిపోవద్దని. తెలిసిన ఫిజియోథెరపిస్టును పెట్టుకోండి. మీరు చెయ్యాల్సింది వేరే ఉంది: లేపేటప్పుడు కుడిచెయ్యి పట్టి లాగకండి, భుజం జారుతుంది. మాట రాకపోయినా ఆయనకు చాలావరకు అర్థమవుతూ ఉండొచ్చు, ఆయన ముందు ఖర్చుల గురించి, ఆయన పరిస్థితి గురించి చర్చించకండి. స్పీచ్ థెరపీ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇంజెక్షన్ టైమ్ దాటిపోయింది కానీ, ఇంకొక టైమ్ ఇప్పుడు నడుస్తోంది. మీ ఉత్తరంలో మెడ రక్తనాళాల స్కాన్ గురించి ఎక్కడా లేదు. ఎడమ మెదడుకు వెళ్లే మెడ రక్తనాళం 70 శాతానికి మించి పూడుకుపోయి ఉంటే మళ్లీ పక్షవాతం వచ్చే ముప్పు చాలా ఎక్కువ. ఉత్తర అమెరికాలో చేసిన నాసెట్ పరిశోధన ఫలితం 1991లో వచ్చింది. అలాంటివాళ్లలో రెండేళ్లలో అదే వైపు మళ్లీ వచ్చినవాళ్లు మందులతో 26 శాతం, పూడికను తీసేసే ఆపరేషన్‌తో 9 శాతం. ఆ ఆపరేషన్ పక్షవాతం వచ్చిన రెండు వారాల్లోపు చేస్తేనే ఎక్కువ మేలు. మీకు పది రోజులు అయిపోయాయి. కాబట్టి ఇది చదివిన రోజే మీ డాక్టర్‌ను కలిసి మెడ డాప్లర్ తీశారా అని అడగండి. తియ్యకపోతే వెంటనే తీయించండి. దాంతోపాటు ఈసీజీ, గుండె ఎకో కూడా. గుండె లయ తప్పి గడ్డ అక్కడి నుంచి వచ్చి ఉంటే ఆస్పిరిన్ సరిపోదు, వేరే మందు కావాలి. ఆ రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితం కలిపి మళ్లీ రాయండి, చూసి చెబుతాను.