తేనెటీగల సూట్‌ను ఎలా ఉతకాలి, ఎవరు ఉతకాలి?

ప్రశ్న: మాది శంకర్‌పల్లి దగ్గర ఊరు. మామిడి తోటలో 15 ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు పెట్టుకుని రెండేళ్లయింది. ఈ మధ్య పెట్టె మూత తీయకముందే ఈగలు మీదికి వస్తున్నాయి. ఎక్కువగా కుడి మణికట్టు దగ్గరే కుడుతున్నాయి. సూట్ జిగురుతో, మరకలతో గట్టిపడింది. ముసుగు వల పాడవుతుందేమోనని నెలకోసారే ఉతికిస్తున్నాను. ఉతికిన రోజు మా ఇంట్లో ఆవిడకు తుమ్ములు, చేతులకు దురద. సూట్ ఎలా శుభ్రం చేయాలి? వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?

జవాబు: ముందు మీ ఇంట్లో ఆవిడ సంగతి మాట్లాడుకుందాం. ఈ రోజు నుంచి ఆ సూట్ ఆమె చేత ఉతికించకండి. ఈగలు సూట్ మీద కుట్టినప్పుడు ముల్లుతో పాటు విషం కూడా గుడ్డలో ఇంకి ఎండిపోతుంది. సూట్ దులిపినా, పొడిగా రుద్దినా ఆ విషం పుప్పొడితో కలిసి దుమ్ములా లేస్తుంది. పెట్టెల దగ్గరికి ఎప్పుడూ వెళ్లకపోయినా, ఇలా బట్టల ద్వారానే తేనెటీగ విషానికి అలర్జీ తెచ్చుకున్న ఇంటివాళ్లు ఉన్నారు. ఆమె దురద సబ్బు వల్ల కావచ్చు, పుప్పొడి వల్ల కావచ్చు. అయినా ఊహించి వదిలేయకండి, అలర్జీ డాక్టర్‌కు చూపించండి. తేనెటీగ విషానికి అలర్జీ ఉందో లేదో తెలుసుకోవడానికి రక్తపరీక్ష ఉంది. ఎప్పుడైనా ఆమెను ఈగ కుట్టి ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక మణికట్టు సంగతి. ఈగ కుట్టినప్పుడు ముల్లు దగ్గర నుంచి ఒక వాసన వెలువడుతుంది. ఇక్కడ శత్రువు ఉన్నాడు, రండి అని తోటి ఈగలకు అది పిలుపు. అందులో ముఖ్యమైన పదార్థం ఐసోఅమైల్ అసిటేట్ అని 1962లోనే గుర్తించారు. మాగిన అరటిపండు వాసనలో ఉండేది కూడా ఇదే. అందుకే అరటిపండు తిని పెట్టెల దగ్గరికి వెళ్లొద్దంటాం. ఇది త్వరగా ఆవిరైపోతుంది కానీ, దానితో పాటు వచ్చే కొన్ని పదార్థాలు నిదానంగా ఆరుతాయి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ముందు రోజు కుట్టించుకున్న గ్లోవ్‌నే మర్నాడు తొడుక్కుని వెళితే సరిగ్గా ఆ చోటే నాలుగు కుట్టాయి. మీ కుడి కఫ్‌లో ముళ్లు ఇంకా గుచ్చుకుని ఉండొచ్చు. వెలుతురులో చూసి చాకు మొనతో గీరి తీసేయండి. తోటలో కుట్టిన వెంటనే ఆ చోట రెండుసార్లు పొగ కొడితే వాసన మరుగున పడుతుంది. చాలామంది ఈ చిన్న పని మర్చిపోతారు.

ఉతికే ముందు సూట్‌ను బయటే, గాలికి వీపు పెట్టి, మెత్తటి బ్రష్‌తో దులపండి. మీరైనా సరే ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మడతల్లో బతికున్న ఈగ లేదని చూసుకోండి. మైనం, జిగురు ఉన్న చోట వేడినీళ్లు పోయకండి. మైనం కరిగి నూలులోకి ఇంకా లోతుగా దిగుతుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచితే జిగురు పెళుసై గోటితో గీరితే రాలిపోతుంది. మిగిలిన గోధుమరంగు మరక మీద మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను దూదితో అద్దండి, పొయ్యికి దూరంగా.

తర్వాత ముసుగు జిప్ తీసి వేరు చేయండి. సూట్‌ను అరగంట చన్నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. ఇప్పుడు బకెట్ గోరువెచ్చని నీళ్లలో గుప్పెడు బట్టల సోడా వేసి గంటసేపు నానబెట్టండి. వంట సోడా కాదు, వాషింగ్ సోడానే. తేనెటీగల జిగురును వదిలించేది ఇదే. మన హైదరాబాద్ చుట్టుపక్కల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, సబ్బు నురగ రాదు. సోడా ఆ నీళ్లను కూడా మెత్తబరుస్తుంది. చేతులకు రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి. సబ్బు వాసన లేనిదై ఉండాలి, కుంకుడు రసమైనా బాగానే పనిచేస్తుంది. బ్లీచింగ్ వద్దు, బట్టలకు సువాసన ఇచ్చే లిక్విడ్‌లు అసలే వద్దు.

మెషిన్‌లో వేయొచ్చు. కానీ ముసుగు లేకుండా, జేబులు ఖాళీ చేసి, జిప్‌లు, వెల్క్రో మూసి, జెంటిల్ మోడ్‌లో సూట్ ఒక్కటే వేయాలి. అది అయ్యాక మెషిన్‌ను ఒకసారి ఖాళీగా తిప్పండి, లేకపోతే పిల్లల బట్టలకు విషం అంటుకోవచ్చు. పంటకు మందు కొట్టేటప్పుడు వేసుకున్న బట్టలతో దీన్ని కలపకండి. ఈ సూట్ వేసుకుని మందు కొట్టడం అంతకన్నా తప్పు. ఆ మందు పెట్టెలోకి చేరితే నష్టపోయేది మీ ఈగలే.

ముసుగును టబ్‌లో ముంచి చేత్తో మెల్లగా ఊపండి, పిండకండి, నీడలో వేలాడదీయండి. ఆరాక వలను ఎండకెదురుగా పట్టుకుని చూడండి. చిన్న చిరుగైనా ఈగ దారి వెతుక్కుంటుంది. సన్న నైలాన్ దారంతో కుట్టేయండి. గొంతు దగ్గర రెండు జిప్‌లు కలిసే చోట సందు, మణికట్టు ఎలాస్టిక్ కూడా చూడండి. ఎలాస్టిక్ వదులైతే టైలర్ చేత మార్పించండి, మీ కుడిచేతి గొడవలో దాని పాత్ర కూడా ఉండొచ్చు. జిప్ పట్టేస్తుంటే మీ పెట్టెల్లోని మైనమే కాస్త రుద్దండి.

తోలు గ్లోవ్స్‌ను నానబెడితే ఎండాక చెక్కలా బిగుసుకుంటాయి. సబ్బునీటి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, కొద్దిగా కొబ్బరి నూనె రాయాలి. కానీ తోలులో దిగిన ముళ్లు, వాసన పూర్తిగా పోవు. ఒక పెట్టెలో పిల్ల తెగులు (ఈగల పిల్లలకు వచ్చే జబ్బు) ఉంటే అదే గ్లోవ్ పదిహేను పెట్టెలకూ మోసుకెళుతుంది. అందుకే నా సలహా, కడగడానికి వీలైన పొడవు రబ్బరు గ్లోవ్స్ వాడండి. పెట్టెకూ పెట్టెకూ మధ్య సోడా నీళ్లలో కడుక్కోవచ్చు.

రెండు మూడు తనిఖీలకు ఒకసారి ఉతికితే చాలు. బాగా కుట్టిన రోజు మాత్రం ఆ సాయంత్రమే ఉతకాలి. వానాకాలంలో తడి సూట్‌ను మడిచిపెడితే బూజు పడుతుంది కాబట్టి వీలైతే రెండో సూట్ కొనుక్కోండి.

తప్పంతా సూట్‌ది కాకపోవచ్చు. మబ్బు పట్టిన రోజుల్లో, పూలు లేని కాలంలో ఈగలు చిరాకుగా ఉంటాయి. ఉతికిన సూట్‌తో, తెరిపి ఉన్న రోజు ఎండ ఎక్కాక వెళ్లి చూడండి. అప్పుడు కూడా ఒకటి రెండు పెట్టెల ఈగలే మీద పడుతుంటే, ఆ కోపం రాణి నుంచి వచ్చిన గుణం కావచ్చు, ఆ పెట్టెల్లో రాణిని మార్చండి. పాత కూలి ఈగలు చనిపోయి కొత్త రాణి పిల్లలు రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది, అప్పటిదాకా ఆ పెట్టెలను చివర్లో తెరవండి.